రెండో వరుసలో నాలుగో ఆమె

కెమెరా కొన్న కొత్తలో నాకు ఫోటోలు తీయడం కంటే సాఫ్ట్‌వేర్లు మార్చడమే పెద్ద పనైపోయింది. ఒకటి ఎక్కిస్తాను. మర్నాడు ఎవరో వీడియోలో అది పనికిరాదంటారు. తీసేసి ఇంకొకటి ఎక్కిస్తాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేను పొద్దుతోపాటు బస్సు స్టాపు కూడా ఎరగలేదు. చేవెళ్లలో ఎక్కి మొయినాబాద్‌లో దిగాల్సినదాన్ని, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మంచిదో ఫోన్‌లో చూస్తూ కూర్చుని అజీజ్‌నగర్ దాకా పోయి, నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి బస్సెక్కిన రోజులున్నాయి.

మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. నేనూ బాపూ చేవెళ్లలో కిరాయి ఇంట్లో ఉంటాం. ముడిమ్యాలలో బాపుకు కొంచెం పొలం ఉంది. పొద్దున్నే ఆటో ఎక్కి పోయి, టమాట తోట చూసుకుని సాయంత్రానికి వస్తాడు. ఆదివారం ఇద్దరం ముడిమ్యాల చర్చికి పోతాం. నాకు నడక వచ్చీరాని వయసులోనే అమ్మ కామెర్లతో పోయింది. ఆ చర్చి వెనక సమాధుల్లోనే ఆమెదీ ఉంది. అమ్మ గురించి నాకు తెలిసినదంతా బాపు చెప్పిందే.

కెమెరా మా ఆఫీసులో పక్క సీటు అన్న దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఆయన సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. కెమెరా చేతిలో పెట్టేటప్పుడే అడిగాను.

"అన్నా, ఎడిటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలె?"

"ఏదన్న ఒక్కటి పట్టుకో చెల్లె. పట్టుకున్నదాన్ని ఇడువకు. గంతే."

"ఏదన్న అంటే ఎట్ల? నువ్వు వాడేది చెప్పు."

"నాది నెలనెల పైసలు కట్టేది. నాకు పెండ్లిళ్లు వస్తయి, ఎల్తది. నువ్వు మబ్బులు, పిట్టలు తీసుకుంట దానికి కట్టుడెందుకు?"

మబ్బులు, పిట్టలు అన్నందుకు నాకు ఒళ్లు మండింది. నిజమే, తీసినవి అవే. అయినా అనాలా? ఆ కోపంతోనే ఆయన వాడేదే ట్రయల్‌కు ఎక్కించాను. తెరవగానే ఎడమవైపు బొమ్మలు, కుడివైపు గీతలు, పైన మెనూలు. కాసేపు అటూ ఇటూ జరిపితే గండిపేట మీద మబ్బు ఊదారంగుకు తిరిగింది. ఫ్రీగా దొరికేది ఇంకొకటి ఎక్కించాను. అది కెమెరా ఇచ్చే కచ్చా ఫైలును, అంటే రా ఫైలును, బాగానే తెరుస్తుంది గానీ, ఒక్కొక్క పనికి అరడజను కిటికీలు తీస్తుంది. ఫోన్‌లోది సుఖం, ఒక్కటి నొక్కితే చాలు, అన్నీ అదే చేసేస్తుంది. కానీ అది చేసిందేమిటో నాకు అర్థం కాదు. ఏదీ నచ్చదు, ఏదీ వదలబుద్ధి కాదు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవన్నట్టు నా వేలు ఊరుకునేది కాదు.

దసరా సెలవులు అయిపోయిన వారంలో, అన్నం తింటూ బాపు ఒక మాటన్నాడు.

"బిడ్డా, గీ సమాధుల పండుగకు మీ అమ్మకు బండ పెట్టిద్దాం. ఎన్నేండ్లని సున్నమే ఏస్తం? అందరు గ్రానైటు పెట్టి ఫోటో చెక్కిస్తున్నరు."

నవంబరు మొదట్లో వస్తుంది మాకు సమాధుల పండుగ. ఊళ్లో కుటుంబాలన్నీ తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు పెడతారు. పాస్టర్ ఒక్కొక్క సమాధి దగ్గరికీ వచ్చి ప్రార్థన చేస్తాడు. ఈ మధ్య కొన్నేళ్లుగా నల్లరాతి పలక మీద పోయినవాళ్ల ముఖం చెక్కించడం మొదలైంది. మా అమ్మది మాత్రం ఇటుక మీద సున్నం దిమ్మె.

"ఫోటో ఏది బాపు?" అన్నాను.

"ఉన్నది గద, కోత పండుగది."

ఇంట్లో అమ్మది అని ఉన్నది బాపు పెట్టెలో దాచిన ఆ ఒక్కటే. పెళ్లిలో తీసిన ఫోటోల రీలుకు వెలుతురు తగిలి అంతా తెల్లగా వచ్చిందట, ఒక్కటీ మిగల్లేదు. తర్వాత ఫోటోలు దిగేంత సరదా ఎవరికుంది? అమ్మ పోయాక బాపు చర్చికి పోయి, ఆమె ఫోటో ఏదన్నా ఉందా అని అడిగాడు. అప్పటికి పాస్టర్ మారిపోయాడు. కొత్తగా వచ్చినాయన బీరువాలో వెతికి, కోత పండుగనాడు స్త్రీల సమాజం దిగిన గ్రూప్ ఫోటో ఒకటి ఇచ్చాడు. కోత పండుగంటే మా చర్చిలో మొదటి పంటను తెచ్చి దేవుని ముందు పెట్టే రోజు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్లు, అన్నీ వచ్చాక వేలం వేస్తారు. ఆ రోజు సమాజం ఆడవాళ్లంతా ఒకే రకం చీరలు కట్టుకుని, కొంగు తలమీదికి వేసుకుని మెట్ల మీద నిలబడేవారు. బాపు ఆ ఫోటోలో వెతికి వెతికి అమ్మను పట్టుకున్నాడు. రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో ఆమె. చిన్నప్పటి నుంచి నాకు వేలుపెట్టి చూపిస్తున్నది ఆమెనే. ముఖం చింతగింజంత ఉంటుంది. అందులో సగం కొంగు నీడ.

మొయినాబాద్‌లో రాళ్లు చెక్కే షాపుకు పోయి అడిగాను. అతను ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, తిరిగి ఇచ్చేశాడు.

"గిట్లయితే రాదు మేడం. మొఖం పెద్దగ, సాఫ్‌గ ఉండాలె. మబ్బుగుంటె రాయి మీద దయ్యం లెక్క వస్తది. తర్వాత నన్ను తిడ్తరు. మంచిగ చేయించి పెన్‌డ్రైవ్‌ల తేండ్రి."

చేయించడమెందుకు, నేనే చేస్తాననుకున్నాను. ఇన్ని సాఫ్ట్‌వేర్లు ఎక్కించి దించినదాన్ని, నాకు రాదా? ఆఫీసు స్కానర్ మీద ఫోటో పెట్టి, ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా స్కాన్ చేశాను. ఇంతకాలం మబ్బుల మీద ఆడినదాన్ని, ఇప్పుడు మా అమ్మ ముఖం మీద పడ్డాను.

ముందు ఫోన్‌లోది. ఒక్క నొక్కుకు అమ్మ తెల్లబడింది, కళ్లు సాగాయి, పెదాలకు రంగు వచ్చింది. టీవీ సీరియల్లో అత్తగారిలా తయారైంది. తీసేశాను.

తర్వాత, పాత ఫోటోలను బాగుచేస్తుందని అందరూ పొగిడే కొత్త రకం ఒకటి. అందులో ఫోటో వేస్తే చాలు, లేని వివరాలు కూడా అదే ఊహించి గీస్తుంది. గిర్రున తిరిగి తిరిగి ఒక ముఖాన్ని ఇచ్చింది. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు, కంట్లో తడి కూడా కనబడుతుంది. సాయంత్రం ఇంటికి పరుగెత్తుకుంటూ పోయి బాపుకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"మంచిగనే ఉన్నది గని, మీ అమ్మకు బొట్టెవలు పెట్టిండ్రు?"

చూస్తే నిజమే. నుదుటి మీద గుండ్రంగా, ఎర్రగా, చక్కగా పెట్టింది. చీర కట్టిన తెలుగామె అనుకుంది కాబోలు. చర్చి మెట్ల మీద నిలబడ్డదని దానికేం తెలుసు? నవ్వొచ్చింది. బాపు కూడా నవ్వాడు. బొట్టు పోవాలని మళ్లీ నొక్కాను. బొట్టు పోయింది. కానీ ముక్కు మారింది. ఇంకోసారి నొక్కితే గడ్డం సన్నబడింది. నొక్కినప్పుడల్లా ఇంకో అమ్మ. ఒకామె దయగా చూస్తుంది, ఒకామె కోపంగా, ఇంకొకామె నన్ను ఎరగనట్టు. అన్నీ ఒక్క చింతగింజ నుంచే.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఏది తప్పో ఏది ఒప్పో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు అమ్మ ముఖం తెలియదు. నేనేది ఎంచుకుంటే అది రాతి మీదికి ఎక్కుతుంది. ఎక్కాక ఇక అదే అమ్మ. పది మంది దాని ముందే కొవ్వొత్తి పెడతారు, నేనూ పెడతాను, రేపు నా మనసులో కూడా అదే కూర్చుంటుంది. బాపు ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆ బాపేమో పొద్దున "గిదే" అంటాడు, సాయంత్రం అదే ముఖం చూసి "కాదేమో, జర బుగ్గలు నిండుగుండె" అంటాడు. బుగ్గలు నింపి చూపిస్తే తల గోక్కుంటాడు. ఒకరోజు విసుక్కున్నాను కూడా.

"నీ పెండ్లాం మొఖం నీకే తెల్వకుంటే నేనెక్కడ తెచ్చేది బాపు?"

"తెల్వకేమి, తెలుసు. నువ్వు రోజుకొక్క తీరు చూపిస్తుంటె ఆగమైతున్న," అన్నాడు.

అందులో న్యాయముంది. మర్నాడు ఆఫీసులో అన్న దగ్గర కూర్చుని, ఊహించి గీసేవన్నీ తీసేశాను. నెలనెలా కట్టేది కూడా తీసేశాను. అరడజను కిటికీల ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంచాను. అది దానంతటది ఏమీ చేయదు. మనం ఏది చేస్తే అదే. అందులో రెండే రెండు పనులు నేర్చుకున్నాను. ఒకటి నీడలో ఉన్నదాన్ని కొంచెం కొంచెం వెలుగులోకి తేవడం. రెండోది ప్రింటు మీది గీతలు, మచ్చలు పక్కనున్న చర్మం తెచ్చి కప్పడం. మధ్యాహ్నం డబ్బా తినేసి, మిగిలిన సమయమంతా దాని ముందే. ప్రింటు నిండా గీతలు. బుగ్గ మీద ఒకటి, కొంగు మీద చాలా, ఎడమ కనుబొమను అడ్డంగా కోస్తూ సన్నటి తెల్లగీత ఒకటి. ఆ కనుబొమకు చాలా కష్టపడ్డాను. పక్క వెంట్రుకలు తెచ్చి ఒక్కొక్కటిగా నాటాను. టమాట నారు నాటినంత ఓపిక పట్టింది.

అంత అస్థిమితంగా ఉండే నేను ఆ వారం రోజులు కుదురుగా కూర్చున్నాను. కొంగు నీడ కింద నుంచి ఒక పడుచుపిల్ల మెల్లగా బయటికి వచ్చింది. చామనచాయ, చిన్న నోరు, కెమెరాను చూసి బెదిరిన కళ్లు. అన్న నా వెనక నిలబడి చూసి, "గిది చేసింది నువ్వేనా చెల్లె?" అన్నాడు. మబ్బులు, పిట్టలు అన్న నోటితోనే అన్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

బాపుకు చూపించాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"గిదే. గిదే బిడ్డా," అన్నాడు. కాసేపయ్యాక, "ఒక్కపారి మీ చిన్నమ్మకు చూపియ్యి. రాయి మీద ఎక్కినంక మార్చరాదు," అన్నాడు.

చిన్నమ్మ అంటే అమ్మకు సొంత చెల్లెలు. దొంతన్‌పల్లిలో ఉంటుంది. అక్కడి పెద్ద యూనివర్సిటీ హాస్టల్ వంటశాలలో పని. ఆదివారం చర్చి కాగానే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, అసలు ఫోటో కవరులో పెట్టుకుని, ఆటోలు మారి పోయాను. చిన్నమ్మ తలస్నానం చేసి ఎండకు కూర్చుని వెంట్రుకలు ఆరబెట్టుకుంటోంది. బండ విషయం చెప్పకుండానే తెర తెరిచి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె ముఖం వెలిగిపోతుంటే చూడాలని నా ఆశ.

"ఎవలే గీ పిల్ల? ముద్దుగున్నది," అంది.

"సరిగ్గ చూడు చిన్నమ్మా. మా అమ్మ."

చిన్నమ్మ ఎండ పడకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టి వంగి చూసింది. గట్టిగా నవ్వింది.

"మీ అమ్మ గాదే పిచ్చిదానా. గిది నేను."

"మీ ఇద్దరిది ఒక్క తీరు మొఖమని బాపు అంటడు గద," అన్నాను.

"ఒక్క తీరే గని, నా మొఖం నాకు తెల్వదా? అసలు ఫోటో తెచ్చినవా?"

కవరులో నుంచి తీసి ఇచ్చాను. చేయి చాపి దూరంగా పట్టుకుని, మెట్ల మీద వరుసను వెతికి, గోరు పెట్టింది. రెండో వరుసలో నాలుగో ఆమె మీదే. తర్వాత నా వేలు పట్టుకుని తన ఎడమ కనుబొమ మీద జరిపింది. మధ్యలో నున్నగా ఒక గాటు తగిలింది.

"చిన్నప్పుడు దూడ తన్నింది. ఇక్కడ వెంట్రుక మొలవదు. ఇగో, ఫోటోల సూడు."

ఫోటోలో ఉంది. ప్రింటు మీది గీత అనుకుని నేను చెరిపేసిన గీత అది. ల్యాప్‌టాప్‌లో ఆ కనుబొమ నిండుగా, చక్కగా ఉంది. వెంట్రుక వెంట్రుకా నేను నాటిందే.

"నువ్వు అప్పుడే పుట్టినవ్," అని చెప్పుకొచ్చింది చిన్నమ్మ. "అక్క బాలింత. చేసిపెడ్దామని నేనొచ్చిన. నాకింక పెండ్లి కాలే. కోత పండుగనాడు పాస్టరమ్మ ఇంటికొచ్చి, సమాజం వరుసల ఒక మనిషి తక్కువైతే ఫోటో మంచిగుండదన్నది. బాలింత చర్చి మెట్లెట్ల ఎక్కుతది? అక్కనే తన చీర నాకు కట్టింది. కొంగు నెత్తి మీదికి గుంజి, 'నా బదులు నువ్వు నిలబడు పో' అన్నది. గిదే గా ఫోటో."

"మరి బాపు?"

"బావ కూరగాయలేసుకొని పట్నం మార్కెట్‌కు పోయిండు. గీ ముచ్చట ఆయనకెవలు చెప్పిండ్రు? గీ ఫోటో ఇంట్ల పెట్టుకున్నడనే నాకు తెల్వదు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నవ్వుతూ కూర్చున్న చిన్నమ్మ మీద, తప్పు మనిషిని చూపించిన బాపు మీద, ఒక్క ఫోటోకైనా నిలబడని అమ్మ మీద. ఆమె నిలబడకపోవడానికి కారణం నేను పుట్టడమే అని గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది. ల్యాప్‌టాప్ దబ్బున మూసేశాను. అమ్మ ముఖం ఎక్కడా లేదు. మసకగా కూడా లేదు. బాగుచేయడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా!

చిన్నమ్మ నవ్వు ఆపి నా వంక చూసింది. బండ సంగతి అప్పుడు చెప్పాను.

"బావకు చెప్పకు," అంది. "నా మొఖమే చెక్కియ్యి. ఒక్క కడుపుల పుట్టినోళ్లం."

"బతికున్న మనిషి మొఖం సమాధి మీద ఎట్ల పెడ్తరు చిన్నమ్మా?"

"నాకేమైతది? ఎవలు ఎవలో దేవునికి తెల్వదా? గా మనిషిని ఇంకెందుకు కష్టపెడ్తవ్?"

మాటవరసకు అనలేదు, నిజంగానే అంది. అదే నన్ను నిలవనివ్వలేదు. సోమవారం పెన్‌డ్రైవ్ బ్యాగులో పెట్టుకుని మొయినాబాద్ షాపు ముందు దిగాను. మాకోసం కోసిన రాయి సిద్ధంగా ఉంది, నల్లగా, నున్నగా, నా ముఖం నాకు కనిపించేంత మెరుపుతో.

"తెచ్చిండ్రా మేడం? పండుగ దగ్గరికొచ్చింది. అందరిది ఒక్కపారే మీద పడ్డది," అన్నాడతను.

"రేపు ఇస్తా," అన్నాను. మర్నాడూ అదే మాట చెప్పాను. ఆ రోజుల్లో ఆఫీసులో ఏ పని చేశానో నాకు గుర్తులేదు. ఇచ్చేస్తే అయిపోతుంది. తెలిసింది ఇద్దరికే. బాపు సంతోషంగా ఉంటాడు. అబద్ధమే గానీ ఎవరికీ నష్టం లేని అబద్ధం. అంతలోనే మనసు తిరగబడేది. ఏటా చిన్నమ్మ వచ్చి తన ముఖం ముందే మోకరించి కొవ్వొత్తి పెట్టాలి. అది సరే, ఆమె ఒప్పుకుంది. కానీ అమ్మ సమాధి పక్కన కొంచెం జాగా వదిలిపెట్టి ఉంది. అది బాపు తనకోసం ఉంచుకున్నది. రేపెప్పుడో ఆయనను కూడా ఆ మరదలి ముఖం పక్కనే పడుకోబెట్టి నేను నోరు మూసుకుని ఉండాలి. అది నా వల్ల కాదనిపించింది.

సెలవు పెట్టి ముడిమ్యాల పోయాను. బాపు టమాట మొక్కలకు కట్టెలు పాతి దారంతో కడుతున్నాడు. ఇంకో కొస పట్టుకుని నేనూ కట్టడం మొదలుపెట్టాను. కడుతూ కడుతూ మొత్తం చెప్పేశాను. చీర, బాలింత, పాస్టరమ్మ, అంతా. బాపు చెయ్యి ఆపలేదు.

"పిచ్చి మాటలు మాట్లాడకు. నా పెండ్లాం నాకు తెల్వదా?"

కవరు తీసి ఫోటో చేతికిచ్చాను. కనుబొమ దగ్గర వేలు పెట్టాను. తన మరదలి కనుబొమ ఆయనకు తెలుసు. చూశాడు. ఫోటోను వెలుతురుకు తిప్పి మళ్లీ చూశాడు. గట్టు మీదికి పోయి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చేతిలో దారపుండ అట్లాగే ఉంది.

"కండ్లు మూస్తె గీ మొఖమే వస్తది బిడ్డా," అన్నాడు చివరికి. "ఇన్నేండ్లు దీన్నే సూసుకుంట బతికిన. అసలుది ఎప్పుడు పోయిందో నాకు తెల్వలే. ఇప్పుడు ఎంత యాది చేసుకున్నా గిదే వస్తది. అది రాదు."

నాకు మొదటి నుంచీ లేదు, పోయేదేమీ లేదు. ఆయనకుందని, ఆయన దగ్గర భద్రంగా ఉందని నా ధైర్యం. అది కూడా లేదని తెలిశాక ఇద్దరం ఒక్క లెక్కే అయ్యాం. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన ఏడవలేదు. లేచి పోయి మిగిలిన మొక్కలు కట్టాడు.

"ఫోటో వద్దు. పేరు చెక్కియ్యి చాలు," అన్నాడు ఆటోలో.

పండుగనాడు రాయి మీద అమ్మ పేరు ఒక్కటే ఉంది. చుట్టుపక్కల సమాధుల మీద అందరి ముఖాలూ ఉన్నాయి. మాది బోసిగా కనిపించింది. పండుగ ఫోటోలు తీయమని పాస్టర్ నాకు చెప్పాడు, కెమెరా మెడలో వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను. ఒక్కచోట నిలబడలేకపోయాను. చిన్నమ్మ దొంతన్‌పల్లి నుంచి వచ్చి బంతిపూలు పరిచింది. బాపు ఆమెను పలకరించలేదు. ఆమె వైపు చూడాలంటేనే బెరుకుగా ఉన్నట్టుంది. కొవ్వొత్తులు వెలిగించాక, పేరు వైపే చూస్తూ అడిగాడు.

"ఏమే పిల్లా, మీ అక్క ఎట్లుండెనే?"

"గదేంది బావా, నన్నడుగుతున్నవ్?"

"చెప్పరాదే."

చిన్నమ్మ నా వైపు చూసి, కొంగు సర్దుకుని, రాయి అంచున కూర్చుంది. "నా కంటె జర నలుపు. నుదురు వెడల్పు. జుట్టు నా లెక్క కాదు, గట్టిది, దువ్వెన్లు ఇరిగేటియి. పన్ను మీద పన్నుండె. గా పన్నుతోని దానికి శాన సిగ్గు. అందుకే నవ్వొస్తె..."

"చెయ్యి," అన్నాడు బాపు.

చిన్నమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది.

"చెయ్యి అడ్డం పెట్టుకునేది," అన్నాడు. "అవునవును. అరచెయ్యి గాదు, చెయ్యి ఎనుకకు తిప్పి పెట్టుకునేది. గాజులు మోచెయ్యి దాక జారేటియి. నవ్వొచ్చిందంటె ముందు గాజుల సప్పుడే ఇనబడేది. నేను బయట మంచం మీదున్నా తెలుస్తుండె, ఇంట్ల నవ్వుతుందని."

"అగో, గట్లనే," అంది చిన్నమ్మ.

"మొఖం యాదికొస్తలేదు గని, చెయ్యి యాదికొచ్చింది బిడ్డా. సూడు, గిట్ల."

బాపు కుడిచెయ్యి ఎత్తాడు. వెనక్కి తిప్పి, వేళ్లు కొంచెం వంచి, నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తల పక్కకు వాల్చాడు. సిగ్గుపడే ఆడమనిషిలా కళ్లు చిన్నవి చేసి నవ్వాడు. అంత వయసు మగాడు, అంతమంది జనంలో. చిన్నమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. అక్క కనబడిందని తర్వాత నాతో చెప్పింది.

నేను కెమెరా ఎత్తి నొక్కాను. చెయ్యి కదిలినచోట కొంచెం అలుక్కుపోయింది. పక్క సమాధి కొవ్వొత్తి ఒక మూల అడ్డం వచ్చింది.

ఆ ఫోటో పెద్దది చేయించి చేవెళ్ల ఇంట్లో ముందుగదిలో పెట్టాం. వచ్చినవాళ్లు దాన్ని చూసి, మీ నాయన ఫోటో మంచిగ వచ్చింది అంటారు. బాపు మంచం మీద నుంచే చెబుతాడు.

"నేను గాదు. గామె నా పెండ్లాం."